ఆయిల్ మారిస్తే గేర్‌బాక్సు పోతుందా?

కర్నూలులో సెకండ్ హ్యాండ్ కార్లు అమ్మేచోట నంబరు ప్లేట్లు చదువుకుంటూ పోతే సగం చరిత్ర తెలిసిపోతుంది. ఏపీ 21 కర్నూలు బండి, ఏపీ 04 కడప బండి. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది కాబట్టి ఆ తర్వాతి బండ్ల ఊరు ప్లేటు చెప్పదు. వీటి మధ్య కేఏ బండ్లు, టీఎస్ బండ్లు కనబడతాయి. 44వ నంబరు జాతీయ రహదారి మీద ఒకవైపు బెంగళూరు, ఇంకోవైపు హైదరాబాదు; రెండు నగరాల ట్రాఫిక్‌లో నలిగిన ఆటోమేటిక్ కార్లు ఆరేడేళ్ల తర్వాత ఇటు దిగుతుంటాయి. మీటరు లక్షన్నర చూపిస్తుంది. అసలు ఎంత తిరిగిందో బండికి తెలియాలి, మీటరు తిప్పినవాడుంటే వాడికి తెలియాలి.

బేరం కుదిరి, "మరి గేర్‌బాక్సు సర్వీసు సంగతేంటి?" అని షెడ్డులో మేస్త్రీని అడిగితే వచ్చే జవాబు దాదాపు ప్రతిచోటా ఒక్కటే. "ఆ ఆయిల్ జోలికి మాత్రం పోవద్దన్నా. అది అట్లే ఉంటే బండి తిరుగుతాంటాది. మారిస్తే కూర్చుంటాది."

విచిత్రం ఏమిటంటే, మెకానిక్ మాట నమ్మని పెద్దమనిషి బండితో వచ్చిన పుస్తకం తెరిచినా చాలాసార్లు అదే సలహా దొరుకుతుంది. కొన్ని కంపెనీలు ఈ ఆయిల్‌ని జీవితకాలం మార్చనక్కర్లేదని రాస్తాయి. షెడ్డులో మేస్త్రీ భయంతో అన్నదీ, కంపెనీ ఇంజనీరు ధీమాగా రాసిందీ ఒకచోటే కలిశాయి. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. ఆ కొంత నిజం ఎంతవరకో తేలాలంటే గేర్‌బాక్సు లోపలికి వెళ్లాలి.

అంతకంటే ముందు, మీది ఏ ఆటోమేటిక్కో తెలుసుకోండి. 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో మొదలైన ఏఎంటీ పేరుకే ఆటోమేటిక్. లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. మీ ఎడమ కాలి పనీ ఎడమ చేతి పనీ ఒక యంత్రం చేస్తుంది. దానిలో పోయేది క్లచ్ ప్లేటు, లేదా ఆ యంత్రం. గేర్ ఆయిల్ పుస్తకంలో చెప్పినప్పుడు మారిస్తే సరిపోతుంది, ఎవరూ భయపడాల్సింది లేదు. హోండా సిటీ వంటి వాటిలో వచ్చే సీవీటీలో గేర్లే ఉండవు, రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల డీఎస్‌జీలో రెండు క్లచ్‌లుంటాయి. ఇవి కాక అసలు సిసలు పాతకాపు ఒకటుంది, టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్. 2016లో వచ్చిన ఇన్నోవా క్రిస్టా 2.8లోని ఆరు గేర్ల బాక్సు ఇదే రకం. 'ఆయిల్ ముట్టుకుంటే పోతుంది' అన్న మాట పుట్టింది దీని చుట్టూనే కాబట్టి ఈ అధ్యాయం దాని గురించే.

ఇంజనుకీ గేర్లకీ మధ్య ఇనుముతో ఇనుము కలిసే క్లచ్ ఇందులో ఉండదు, ఆయిల్ ఉంటుంది. మూసిన డొల్లలో రెండు రెక్కల చక్రాలు ఎదురెదురుగా కూర్చుంటాయి. ఇంజను తిప్పే చక్రం ఆయిల్‌ని విసురుతుంది, ఆ విసురుకు రెండో చక్రం తిరుగుతుంది. మధ్యలో స్టేటరు అనే మూడో చక్రం తిరిగొచ్చే ఆయిల్ దిశ మార్చి, బండి కదిలే తొలి క్షణాల్లో తిప్పుడు బలాన్ని పెంచుతుంది. ఈ ఆలోచన కారు కోసం పుట్టింది కాదు. 1905లో హెర్మన్ ఫ్యోటింగర్ అనే జర్మన్ ఇంజనీరు ఓడల కోసం దీనికి పేటెంటు తీసుకున్నాడు. వేగంగా తిరిగే ఆవిరి టర్బైన్‌ని నిదానంగా తిరగాల్సిన ఓడ పంఖాకి కలపడం ఆయన సమస్య. ఆయిల్‌తో బలం అందించే పద్ధతి కార్లలోకి పెద్ద ఎత్తున వచ్చింది 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ హైడ్రామాటిక్‌తో. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ల తేలికపాటి ట్యాంకుల్లో కూడా అవే బాక్సులు తిరిగాయి.

కన్వర్టర్ వెనక ప్లానెటరీ గేర్లుంటాయి: నడుమ సన్ గేరు, దాని చుట్టూ ప్లానెట్ గేర్లు, బయట రింగ్ గేరు. వీటిలో దేన్ని ఆపి దేన్ని తిరగనిస్తే ఆ గేరు పడుతుంది. ఆపేవి, వదిలేవి క్లచ్ ప్యాకులు. ఒక ఉక్కు బిళ్ల, ఒక ఘర్షణ బిళ్ల, మళ్లీ ఉక్కు బిళ్ల, ఇలా పేర్చి ఉంటాయి. వాటిని నొక్కేది ఆయిల్ పీడనం. ఏ ప్యాకుకి ఎప్పుడు ఆయిల్ పంపాలో చెప్పేది వాల్వ్ బాడీ. అది సన్నటి కాలువలు తొలిచిన అల్యూమినియం దిమ్మ, దానిలో వెంట్రుకవాసి ఖాళీతో జారే వాల్వులు, వాటిని కదిలించే సొలెనాయిడ్లు. ఇక ఆ ఘర్షణ బిళ్ల మీద అతికించినది ఏమిటనుకున్నారు? కాగితం. రెజిన్‌లో తడిపి గట్టిపరిచిన ఒక జాతి కాగితమే. రెండు టన్నుల క్రిస్టాని కదిలించే బలం ఆ కాగితాల మీదుగా వెళ్తుంది.

ఆ కాగితం ఎంత జారాలో, ఎంత పట్టాలో నిర్ణయించేది ఆయిల్. ఎక్కువ జారితే క్లచ్ కాలుతుంది, ఒక్కసారిగా పట్టేస్తే జెర్క్ కొడుతుంది. ఈ రెంటి మధ్య సయోధ్య కోసం ఆయిల్‌లో కలిపే రసాయనాలను ఫ్రిక్షన్ మాడిఫయర్లు అంటారు. ఒకప్పుడు ఆ పనికి వాడింది తిమింగిలం నూనె. స్పెర్మ్ తిమింగిలాన్ని 1970లో అమెరికా అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చాక ఆ నూనె దిగుమతి ఆగింది. గేర్‌బాక్సు ఆయిల్ తయారీదార్లు ప్రత్యామ్నాయం కోసం పరుగులు పెట్టారు. 1967 నాటి డెక్స్‌రాన్ స్థానంలో కొద్ది ఏళ్లకే డెక్స్‌రాన్ 2 రావడానికి ఒక కారణం ఇదే. డెట్రాయిట్ కార్ల గేర్లు మెత్తగా పడటానికి సముద్రంలో తిమింగిలాలు చచ్చాయన్న సంగతి ఇవాళ చాలామంది మెకానిక్కులకే తెలియదు.

కాబట్టి ఈ ఆయిల్ బలాన్ని మోస్తుంది, వాల్వుల్ని కదిలిస్తుంది, ఘర్షణని అదుపు చేస్తుంది, గేర్లకు పూత పూస్తుంది. వీటన్నిటితో పాటు వేడిని బయటికి మోసుకుపోతుంది. రాయలసీమలో దాన్ని ముందుగా చంపేది ఆ చివరి పనే.

కడప నుంచి రాయచోటి వైపు 40వ నంబరు జాతీయ రహదారి మీద గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతున్నారనుకోండి. ముందు లోడు లారీ నడక వేగంతో పోతోంది, ఓవర్‌టేక్‌కి చోటు లేదు. ఈ వేగంలో కన్వర్టర్ లాక్ కాదు, అంటే దాని రెండు చక్రాలూ ఒకటిగా బిగుసుకోవు; రెండు చక్రాల వేగంలో తేడా ఉండి, ఆ తేడా అంతా ఆయిల్ మథనంగా, వేడిగా మారుతుంది. ఇంజను 40 కిలోవాట్లు ఇస్తోందనీ, కన్వర్టర్ అందులో నాలుగింట మూడొంతులే ముందుకు పంపుతోందనీ లెక్క వేయండి. మిగిలిన 10 కిలోవాట్లు వేడి. బాక్సులో ఎనిమిది లీటర్ల ఆయిల్ ఉంటే దాని బరువు సుమారు 7 కిలోలు. కిలోని ఒక డిగ్రీ వేడి చేయడానికి రమారమి 2 కిలోజౌళ్లు కావాలి. అంటే మొత్తం ఆయిల్ ఒక డిగ్రీ ఎక్కడానికి 14 కిలోజౌళ్లు చాలు. సెకనుకి 10 కిలోజౌళ్లు వచ్చిపడుతున్నాయి. చల్లబరిచేదేదీ లేకపోతే నిమిషంలో 40 డిగ్రీలు పెరుగుతుంది! బాక్సు లోహం కొంత తాగేస్తుంది, కూలర్ చాలా లాగేస్తుంది కాబట్టి అంత కాదు. కానీ బయట గాలే 43, 44 డిగ్రీలున్న మే నెల మధ్యాహ్నం కూలర్ మాత్రం ఎంత లాగుతుంది?

అక్కడ చేయాల్సింది ఒక్కటే: లీవరును మాన్యువల్ మోడ్‌లోకి తెచ్చి గేరు తగ్గించడం. ఇంజను కొంచెం అరుస్తుంది, అరవనివ్వండి. గువ్వలచెరువులో పాలకోవాకు ఆగేవాళ్లు తెలియకుండానే గేర్‌బాక్సుకి మేలు చేస్తున్నారు. ఆగగానే ఇంజను ఆపేయకుండా పార్క్‌లో రెండు మూడు నిమిషాలు నడవనిస్తే ఆయిల్ కూలర్ గుండా తిరిగి సర్దుకుంటుంది.

వేడికి ఆయిల్ ఎందుకు చస్తుంది? ఆక్సిజన్‌తో కలిసి. రసాయన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది: ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే చర్య వేగం రెట్టింపవుతుంది. 85 డిగ్రీల దగ్గర పనిచేసే ఆయిల్ రోజూ 105 దగ్గర పనిచేస్తే దాని ఆయుష్షు నాలుగో వంతుకి పడిపోతుంది. కంపెనీ పుస్తకంలోని 'జీవితకాలం' ఏ రోడ్డు మీద, ఏ ఎండలో లెక్కించిందో ఒక్కసారి ఆలోచించండి. బీఎండబ్ల్యూ వంటి ఖరీదైన కార్లకు గేర్‌బాక్సులు చేసిచ్చే జర్మన్ కంపెనీ జెడ్‌ఎఫ్‌నే తీసుకోండి. కారు కంపెనీ జీవితకాలం అని రాసిన చోట, బాక్సు తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80 వేల కిలోమీటర్లు దాటాక, ఎంత తక్కువ తిరిగినా ఎనిమిదేళ్లలోపు మార్చమంటుంది. పెట్టె చేసినవాడి మాటకే నా ఓటు.

ఎండతో పాటు మనకు ఇంకో శత్రువు ఉంది. అది నీళ్లలో ఉంది. కొలిమిగుండ్ల దగ్గర బెలూం గుహలు మూడు కిలోమీటర్లకు పైగా పొడవు. పొలాల అడుగున సున్నపురాయిని నీళ్లు తొలిచి చేసినవి. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలకు ముడిసరుకూ, ఇళ్లలో పరిచే కడప బండా ఈ సున్నపురాయి కుటుంబమే. వాన నీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని ఆ రాతిని కరిగించుకుంటుంది. ఆ నీరే బోరులో వస్తుంది. వేడి చేస్తే కార్బన్ డయాక్సైడు ఎగిరిపోయి, కరిగిన సున్నం మళ్లీ రాయిగా పేరుకుంటుంది. దారిలో బండి వేడెక్కిందని దాబా దగ్గర బోరు నీళ్లు రేడియేటర్లో పోసిన ప్రతిసారీ మనం చేస్తున్నది ఇదే. ఆ సున్నపు పెచ్చు వేడిని పంపే శక్తి అల్యూమినియంతో పోలిస్తే సుమారు వందో వంతు. చాలా కార్లలో గేర్‌బాక్సు ఆయిల్ చల్లబడేది ఈ రేడియేటర్ నీళ్ల ద్వారానే. ఇంజను టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉన్నా గేర్‌బాక్సు ఆయిల్ లోలోపల ఉడికిపోతూ ఉండొచ్చు, దానికి డ్యాష్‌బోర్డులో ముల్లు ఉండదు. కూలెంట్ డబ్బా ఒకటి డిక్కీలో పెట్టుకోవడం ఎంత పని?

ఇప్పుడు అసలు తగువు. లక్షన్నర తిరిగిన బండికి ఆయిల్ మార్చాక, నెల తిరక్కుండా గేర్లు జారడం మొదలైన సంఘటనలు నిజంగానే ఉన్నాయి. మేస్త్రీలు అబద్ధం చెప్పడం లేదు. అయితే వాళ్ల దగ్గరికి ఎలాంటి బండ్లు వస్తున్నాయో చూడండి. బాగా నడిచే బండికి గేర్ ఆయిల్ మార్పించేవాడు మన దగ్గర అరుదు. రివర్స్ వేస్తే రెండు క్షణాల తర్వాత అందుకుంటోందనో, మూడో గేరు దగ్గర ఇంజను వట్టినే అరుస్తోందనో అనిపించాకే షెడ్డుకి తెస్తాడు. అప్పటికే కాగితం అరిగిపోయింది. పల్లెలో నాటువైద్యాలన్నీ అయ్యాక, చివరి ఘడియలో రోగిని పెద్దాసుపత్రికి తెస్తారు; ప్రాణం పోతే 'ఆసుపత్రికి తీసుకెళ్లాకే పోయాడు' అంటారు. ఇక్కడా అంతే. చెడిపోయిన బాక్సులకే ఆయిల్ మార్పు జరుగుతుంటే, ఆయిల్ మార్చిన బాక్సులన్నీ చెడిపోతున్నట్టే కనబడుతుంది. గణాంకవేత్తలు దీన్ని ఎంపికలో పక్షపాతం అంటారు.

ఇంతటితో మేస్త్రీ మాట పూర్తిగా కొట్టిపారేస్తే అదీ తప్పే. అరిగిన కాగితపు పొడి పాత ఆయిల్‌లో తేలుతూ, నున్నబడిన బిళ్లలకు ఎంతో కొంత గరుకునిస్తుందన్న వాదన ఉంది; చావుకి దగ్గరపడిన క్లచ్ విషయంలో దాన్ని తోసిపుచ్చలేం. కొత్త ఆయిల్‌లోని శుభ్రపరిచే రసాయనాలు ఏళ్లుగా అట్టకట్టిన మడ్డిని కదిలిస్తే అది వాల్వ్ బాడీ సన్నకాలువల్లో ఇరుక్కోవడం కూడా జరిగేదే. ముఖ్యంగా ఒత్తిడితో ఆయిల్‌ని తోసే ఫ్లష్ మిషను పాత బాక్సుకి పెట్టినప్పుడు. అందుకే రెండు లక్షలు తిరిగి, ఎప్పుడూ ఆయిల్ మారని బండికి మిషను వద్దంటాను. దించి, ఫిల్టరు మార్చి, పోసుకోవడమే మేలు.

ఆ దించడంలో ఒక చిక్కుంది. డ్రెయిన్ బోల్టు విప్పితే ఆయిలంతా రాదు. తొమ్మిది లీటర్లు పట్టే బాక్సులో మహా అయితే నాలుగు దిగుతుంది. మిగతాది కన్వర్టర్లో, కూలర్ గొట్టాల్లో ఉండిపోతుంది. ఒకసారి మార్చాక పాతది 56 శాతం మిగులుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి మళ్లీ మారిస్తే 31, మూడోసారికి 17. మూడు విడతలుగా మెల్లగా మారుతుంది కాబట్టి మడ్డి కూడా ఒక్కసారిగా కదలదు. ఆయిల్ ఖర్చు ఎక్కువే. బాక్సు విప్పి క్లచ్‌లు మార్చే ఖర్చు పక్కన పెట్టి చూస్తే అది ఎక్కువగా కనబడదు.

విప్పేటప్పుడు మీరు షెడ్డులోనే ఉండండి, టీ కోసం వెళ్లిపోవద్దు. దిగే ఆయిల్‌ని తెల్లకాగితం మీద ఒక చుక్క వేయించండి. కొత్తది పారదర్శకమైన ఎరుపు. ముదురు గోధుమ రంగుకి తిరిగిందంటే వయసు. నల్లగా ఉండి మాడు వాసన కొడితే కాగితం కాలింది, ఇక ఆయిల్ మార్పుతో తేలదు. తర్వాత ఛాంబర్ అనే అడుగు రేకు పళ్లెం దించుతారు. దాని అడుగున రెండు మూడు అయస్కాంతాలు అతుక్కుని ఉంటాయి. వాటి మీద బూడిద రంగు జిగట మట్టి మందంగా పట్టి ఉంటుంది. అది చూసి కంగారు పడకండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూడండి: వెన్నలా జారితే అది ఇన్నేళ్ల మామూలు అరుగుదల, ఉక్కు పొడి. గరగరమంటే, పొడవాటి పెచ్చులు తగిలితే గేరో బేరింగో తెగుతోంది. అయస్కాంతానికి అంటకుండా ఛాంబర్ మూలన పసుప్పచ్చగా మెరిసే రజను ఉంటే బుష్‌లు పోతున్నట్టు. నల్లటి పొలుసుల్లాంటివి కనబడితే అవి క్లచ్ కాగితం. బండి గురించి అమ్మినవాడు చెప్పని సంగతులన్నీ ఆ రేకు పళ్లెంలో ఉంటాయి. ఫోన్‌తో ఒక ఫొటో తీసుకుని పెట్టుకోండి, తర్వాతి సర్వీసులో పోల్చుకోవడానికి.

పోసే ఆయిల్ విషయంలో పంతం పట్టాల్సిందే. దుకాణంలో 'ఏటీఎఫ్' అనగానే ఇచ్చే ఎర్ర డబ్బా చాలాసార్లు పవర్ స్టీరింగ్‌కి వాడే పాత డెక్స్‌రాన్ రకం. టొయోటాకి కావలసింది డబ్ల్యూఎస్, హ్యుందాయ్ ఆరు గేర్లవాటికి ఎస్పీ 4. వేడి మీద పాత రకాల కంటే ఇవి పలచన. వాల్వుల ఖాళీలు, కంప్యూటరు లెక్కలు అన్నీ ఆ పలచదనానికి సరిపడా ఉంటాయి. సీవీటీకైతే దాని ఆయిలే పడాలి. ఎర్ర ఏటీఎఫ్ పోస్తే బెల్టు జారి పుల్లీల మీద గీతలు పడతాయి, ఆ పైన బాక్సు మార్చుకోవడమే.

చివరికి లెవెల్. కొత్త తరం బాక్సులు చాలావాటికి డిప్‌స్టిక్ ఉండదు. ఇంజను నడుస్తుండగా, లీవరును పీ నుంచి డీ దాకా అన్ని గేర్లలోకీ తిప్పి, కింద చెక్ ప్లగ్గు తీసి, ఎక్కువున్నది కారిపోయి సన్నటి ధార నిలిచే దాకా చూస్తారు. ఇది ఆయిల్ ఫలానా ఉష్ణోగ్రత దగ్గర ఉన్నప్పుడే చేయాలి. చాలా టొయోటాల్లో అది 40 డిగ్రీల అటూఇటూ, హ్యుందాయ్‌ల్లో 50 నుంచి 60. ఎందుకంత పట్టింపు? ఆయిల్ డిగ్రీకి పదివేలలో ఏడు వంతుల చొప్పున వ్యాకోచిస్తుంది. ఎనిమిది లీటర్లు 60 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే మూడో వంతు లీటరు ఉబ్బుతుంది. ఆ వేడి మీద ప్లగ్గు తీస్తే ఆ మేరకు కారిపోతుంది, చల్లారాక బాక్సులో ఆయిల్ తక్కువ. పంపు గాలి పీలుస్తుంది, క్లచ్‌లు జారుతాయి, 'ఆయిల్ మార్చాకే పోయింది' అన్న మాటకి మరో సాక్ష్యం దొరుకుతుంది. మే నెల కర్నూలు మధ్యాహ్నంలో నీడన నిలబెట్టిన టొయోటా ఆయిలే 40 దాటి ఉంటుంది. అందుకని ఎండాకాలంలో ఈ పని పొద్దున్నే, ఆరు గంటలకు షెడ్డు తెరిపించి చేయించుకోవాలి. మేస్త్రీ విసుక్కుంటే విసుక్కోనివ్వండి. స్కానర్ తగిలించి ఉష్ణోగ్రత చూడమనండి. చెయ్యి పెట్టి 'సరిపోయింది' అంటే ఒప్పుకోవద్దు.

వరద నీళ్లు ఆయిల్‌కి తెచ్చే ఇంకో రంగు గురించి చెప్పి ముగిస్తాను. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరదకి విజయవాడలో ఎన్నో కార్లు నీట మునిగాయి. మునిగిన కారుని ఆరబెట్టి, సీట్లు మార్చి, దూరపు ఊళ్లో అమ్మడం ఎప్పటినుంచో ఉన్న వ్యాపారమే. కార్పెట్ మార్చగలరు గానీ గేర్‌బాక్సు సంగతి వేరు. గాలి గొట్టం గుండా లోపలికి దూరిన నీరు ఆయిల్‌తో కలిసి చిక్కటి గులాబీ పాలలా మారుతుంది. రేడియేటర్ లోపలి కూలర్ చిల్లుపడి కూలెంట్ కలిసినా అదే రంగు. తేమకి కాగితాన్ని ఉక్కు బిళ్లకి పట్టి ఉంచే జిగురు ఊడిపోతుంది. ఆయిల్ ఎన్నిసార్లు మార్చినా అతుక్కోదు. కొనేముందు ఒక చుక్క ఆయిల్ తీసి చూపించమనండి. గులాబీ పాలలా కనబడిన బండిని ఎంత తక్కువకి ఇస్తామన్నా కొనకండి. చుక్క కూడా చూపించనన్నవాడి బండి అసలే వద్దు.